సరోజమ్మ, ఇజ్జత్ డబ్బా

సరోజమ్మ నూనె పెట్టని వస్తువు సురంగల్ ఊళ్ళో ఏదైనా ఉందంటే, అది ఇంకా ఆమె కంట పడలేదనే అర్థం.

మామూలు నూనె కాదు. చర్చిలో ప్రార్థన చేయించి తెచ్చుకున్న ఆలివ్ నూనె. వేలెడంత సీసాలో పోసుకుని, నడుము దగ్గర గుడ్డ సంచిలో దోపుకుంటుంది. కొత్త వస్తువు గడప దాటిందంటే చాలు, సీసా బయటికి వస్తుంది. బొటనవేలికి ఒక చుక్క, వస్తువు నుదుటి మీద సిలువ గుర్తు, కళ్ళు మూసుకుని "ప్రభువా, దీన్ని నువ్వే చూస్కో" అని ఒక్క మాట. ఏ వస్తువుకు నుదురు ఎక్కడుంటుందో ఆమె చూపుతోనే తేల్చేస్తుంది. మిక్సీకి మూత, ఫ్రిజ్‌కు పై తలుపు, వైఫై డబ్బాకు లైట్లు వెలిగే చోటు. పక్కింటి నిర్మలమ్మ బర్రెకు మాత్రం దేవుడే నుదురు ఇచ్చాడు కాబట్టి అక్కడ వెతుక్కోనక్కర్లేదు.

ఒకసారి బోరు మోటరు స్టార్టరుకు నూనె పెట్టబోతే షాక్ కొట్టి రెండడుగులు వెనక్కి పడింది. ఇంకొకరైతే ఆ పెట్టె జోలికి మళ్ళీ పోరు. సరోజమ్మ లేచి చీర దులుపుకుని, "చూసినవా, ప్రార్థనకు ఎంత పవరున్నదో!" అని మురిసిపోయింది. మనవరాలి పదో తరగతి హాల్ టికెట్‌కు పెడితే నూనె పాకి ఫోటోలోని పిల్ల కరిగిపోయింది. పరీక్ష హాల్లో సారు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి, పిల్లను చూసి, మళ్ళీ కాగితాన్ని చూసి, "ఇది నువ్వేనా, మీ అమ్మమ్మనా?" అని అడిగాడట. ఆ పిల్ల మంచి మార్కులతో పాసయ్యింది. దానితో ఇంట్లో ఎవరికీ నోరు లేకుండా పోయింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో తలుపు కిర్రుమనదు, గొళ్ళెం పట్టెయ్యదు, కత్తెర మొరాయించదు. సరోజమ్మ కుట్టు మిషన్ అయితే ఆమె పెళ్ళినాటిది. ఇప్పటికీ ఎవరికీ వినపడనంత మెత్తగా తిరుగుతుంది. ఆ మిషన్‌కు ప్రార్థన నూనె పైన, మిషన్ నూనె లోపల. రెండు సీసాలూ కిటికీలో పక్కపక్కనే ఉంటాయి.

ఇన్ని నూనెల మధ్య ఇల్లరికం వచ్చిన అల్లుడు జానీ. కొండకల్ దగ్గర రైలు పెట్టెల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో ఉద్యోగం. తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే అతనికి జీతమిచ్చే పని కాబట్టి, ఇంటికి వచ్చాక కూడా అదే పని ఉచితంగా చేస్తుంటాడు. పప్పులో ఉప్పు ఎక్కువైతే "ఎక్కువైంది" అని ఊరుకోడు. ఎందుకు ఎక్కువైందో, ఏ చెంచాతో ఎక్కువైందో చెబుతాడు. చివర్న "రాసిపెట్టుకో" అంటాడు. ఆ మాట అన్నాడంటే ఇక తిరుగులేదని అర్థం. తప్పని తేలినా వెనక్కి తీసుకోడు. నోట్లోంచి మాట వచ్చాక దాన్ని మింగడం జానీకి పుట్టుకతో రాదు.

జానీకి ప్రాణం లాంటి వస్తువు ఒకటి ఉంది. వాళ్ళ నాన్న పౌలు నడిపిన పాత ఫియట్ కారు. పాలమీగడ రంగు, గుండ్రటి లైట్లు, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. పౌలు దానిలో పెళ్ళికూతుళ్ళను చర్చికి తీసుకుపోయాడు, నొప్పులు పడుతున్న వాళ్ళను చేవెళ్ళ దవాఖానకు చేర్చాడు, ఆదివారం పూట కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించాడు. పౌలు పోయాక బండి జానీకి వచ్చింది. అందరూ దాన్ని ఫియట్ అంటే జానీ ఒక్కడే "బాపు బండి" అంటాడు.

గొడవ మొదలైంది మొయినాబాద్ బస్టాండు దగ్గర. ఒక ఆదివారం చర్చికి పోతుంటే క్లచ్ పెడల్ నేలకంటుకుని పైకి రాలేదు. పట్టుచీర కట్టుకున్న భార్య ఎస్తేర్ దిగి బండిని తోయాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆటోలో సంఘం ఆడవాళ్ళందరూ పక్కనుంచి పోతూ చేతులూపారు. ఎస్తేర్ చెమట తుడుచుకుని, "ఇగ అమ్మెయ్యరాదు దీన్ని!" అంది.

"సరే. అమ్ముత. రాసిపెట్టుకో" అన్నాడు జానీ.

ఎస్తేర్ కోపం చర్చి గేటు దగ్గరే చల్లారింది. ఆ మాట ఆమె మరిచిపోయింది కూడా. కానీ జానీ రాసిపెట్టుకొమ్మన్నాడు. ఇక అమ్మాల్సిందే.

"కాకపోతే చెడిపోయిన బండి అమ్మిన్రని ఎవరూ అనొద్దు. బాగు చేసి, నడిపి చూపిచ్చి ఇస్త" అని బానెట్ ఎత్తాడు. అతని వెనకే సరోజమ్మ సీసా తీసుకుని వచ్చింది. బానెట్ కింద రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. వాటి మూత తిప్పబోయింది.

"అత్తా! ఆగు!" అని జానీ అరిచిన అరుపుకు నిర్మలమ్మ బర్రె తాడు తెంపుకుంది. తర్వాత గొంతు తగ్గించి, ఓపిగ్గా చెప్పాడు. "ఇగో, జర ఇను. కాలుతోని తొక్కితే ఈ డబ్బాల ఉన్న ఆయిల్ పైపులకెల్లి పోయి అవతల సిలిండర్‌ను నూకుతది. లోపట చిన్న రబ్బర్లుంటయి. అవే ఆయిల్‌ను ఆపేది. వేరే నూనె పడితే రబ్బర్లు ఉబ్బుతయి. రెండు మూడు రోజులల్ల ఖతం."

"రెండు డబ్బాలెందుకు?"

"ఇది బ్రేకుది. ఇది పోతే పాణం పోతది. ఇది క్లచ్‌ది. ఇది పోతే ఇజ్జత్ పోతది. ఎస్తేర్ మొన్న నూకింది సూడు, గట్ల."

"అంటే ఇది పాణం డబ్బా, ఇది ఇజ్జత్ డబ్బా" అని సరోజమ్మ వేలు పెట్టి చూపిస్తూ అప్పజెప్పింది.

"అంతే. మాటియ్యి, వీటిల నూనె పొయ్యనని."

"ప్రార్థన నూనె ఒక్క చుక్క గూడ పొయ్య, బిడ్డా. ప్రభువు చూస్తున్నడు" అంది. సరోజమ్మ అబద్ధమాడదని ఊరంతటికీ తెలుసు. జానీ నిశ్చింతగా కొత్త రబ్బర్లు వేశాడు.

రబ్బర్లు మార్చాక పైపుల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఒకరు కింద పడుకుని నట్టు వదులు చేస్తుంటే, ఇంకొకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. ఎస్తేర్ ఆ కారును ముట్టనంది. కాబట్టి సీట్లో సరోజమ్మ కూర్చుంది.

"తొక్కు!"

"తొక్కిన. స్తోత్రం!"

"పట్టు! ఇడువు!"

"ఇడిచిన. స్తోత్రం!"

సాయంత్రానికి గాలి పోయింది, పెడల్ గట్టిపడింది. జానీ చేవెళ్ళ దాకా పోయి వచ్చి, "ఇగ పదేండ్లు దీన్ని ముట్టే పని లేదు. రాసిపెట్టుకో" అన్నాడు.

కొనడానికి వచ్చినవాడు బాపిరాజు. భీమవరం వైపు మనిషి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని ఎప్పుడో వచ్చి, ఇప్పుడు గండిపేటలో ఇల్లు కట్టుకుని విశ్రాంతిగా ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి డాక్టరుగారికి ఇలాంటి కారే ఉండేదట. ఆ ముచ్చట తీర్చుకోవాలని ఆదివారం వస్తానని ముందే ఫోన్ చేశాడు. సరిగ్గా ఆ ఆదివారం, బాపిరాజు సీట్లో కూర్చుని ఫోటో దిగి, గేరు వేయబోతే బండి గర్రుమంది. పెడల్ నేలకంటుకుంది.

"ఏవండీ జానీగారూ, నేనేమైనా తప్పుగా తొక్కానా?" అన్నాడు బాపిరాజు పాపం భయపడి.

"మీ తప్పు లేదు సార్. డూప్లికేట్ రబ్బర్లు. సిటీల అంత మోసం ఉన్నది" అన్నాడు జానీ, తడుముకోకుండా.

వచ్చినవాడిని ఉత్త చేతులతో పంపడం ఎందుకని సరోజమ్మ ఆకు వేసింది. నాటుకోడి కూర, జొన్నరొట్టె. బాపిరాజు మొహమాటపడుతూనే మూడు రొట్టెలు తిన్నాడు.

జానీ ఇంకో షాపులో రబ్బర్లు తెచ్చాడు. తొక్కు, స్తోత్రం, ఇడువు, స్తోత్రం. బండి రోజూ కొండకల్ దాకా పోయి వచ్చింది. బాపిరాజు మళ్ళీ వస్తానని ఫోన్ చేశాడు. వచ్చిన రోజు మళ్ళీ పెడల్ నేలకంటింది. ఈసారి జానీ తప్పును సైలెన్సర్ వేడి మీదికి తోశాడు. బాపిరాజు నాటుకోడి కూర తిని వెళ్ళాడు. తర్వాత జానీ సిలిండరే మార్చాడు. అది కూడా బాపిరాజు వచ్చేదాకా పనిచేసి, ఆయన చెప్పులు గడప దగ్గర విప్పేసరికి ఆగిపోయింది. ఆపైన రబ్బరు పైపు మార్చాడు. పైపుదీ అదే దారి.

"ఈ సారుకు మన బండంటే పడదా ఏంది?" అంది ఎస్తేర్.

"బండికే సారంటే పడదేమో" అంది సరోజమ్మ, కూర గిన్నె తెచ్చి పెడుతూ.

జానీకి ఇజ్జత్ సమస్య అయిపోయింది. రైలు పెట్టెలో సన్న పగులు పట్టుకునేవాడు, ఇంట్లో వేలెడంత డబ్బాలో తప్పు పట్టుకోలేకపోతున్నాడు. బాపిరాజు మరో ఆదివారం వస్తానన్నాడు. ఈసారి కూడా కాకపోతే ఇక రానని మర్యాదగానే చెప్పాడు. జానీ కూడా ఒక మాట అనేశాడు. "ఈసారి బండి నడవకపోతే తుక్కు కింద అమ్ముత. రాసిపెట్టుకోండి." ఆ మాటకు సరోజమ్మ చేతిలోని సీసా జారబోయింది. ఆమె దాన్ని పట్టుకుని లోపలికి పోయింది.

శనివారం జానీ సెలవు పెట్టి, ఇప్పటిదాకా పాడైన రబ్బర్లన్నీ ప్రహరీ గోడ మీద వరుసగా పేర్చాడు. ప్రతి ఒక్కటీ నానబెట్టిన శనగ మాదిరి ఉబ్బి ఉంది. ఫ్యాక్టరీలో చేసినట్టే ఆలోచించాడు. షాపు మారింది, ఉబ్బింది. సిలిండర్ మారింది, ఉబ్బింది. పైపు మారింది, ఉబ్బింది. మారనిది ఏమిటి? షాపులో కొన్న ఆయిల్ టిన్ను. అయితే ఆయిలే కల్తీ అయి ఉండాలి. ఆ టిన్నులోని ఆయిలే బ్రేకుకూ పోశాడు కదా! గబగబా బ్రేకు సిలిండర్ విప్పాడు.

బ్రేకు రబ్బర్లు పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడుతున్నాయి.

జానీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకే ఆయిల్, ఒకే వేడి, ఒకే బండి. ఒక డబ్బా పాడైంది, రెండోది క్షేమంగా ఉంది. అంటే తేడా డబ్బాలోకి పైనుంచి వస్తోంది. క్లచ్ డబ్బాలోంచి కాస్త ఆయిల్ గాజు గ్లాసులోకి తీసి, నీళ్ళు పోసి కలిపాడు. బ్రేకుకూ క్లచ్‌కూ పోసే అసలు ఆయిల్ పేరుకే ఆయిల్, నీళ్ళలో కలిసిపోతుంది. ఇక్కడ మాత్రం పైన సన్నటి పొర తేలింది. వేలు ముంచి వాసన చూశాడు. ఆ వాసన అతనికి బాగా తెలుసు. తన పెళ్ళి చొక్కా కుట్టిన మిషన్ వాసన.

గ్లాసు పట్టుకుని లోపలికి పోయాడు. సరోజమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అత్తా, క్లచ్ డబ్బాల మిషన్ నూనె పోసినవా?"

"పోసిన" అంది సరోజమ్మ, తల ఎత్తకుండా.

"మాటిచ్చినవ్ గదా!"

"ప్రార్థన నూనె పొయ్యనన్న. పొయ్యలే. దేవుని నూనెతోని గసొంటి పని చేస్తరా ఎవరన్న? తప్పు గాదు?"

జానీకి కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో అతనికే తెలియలేదు. "నువ్వు స్టెప్నీ టైరును గూడ ఇడువవు గదా. బ్రేకు డబ్బా పక్కనే ఉన్నది. దాంట్ల ఎందుకు పొయ్యలే?"

సరోజమ్మ ఇప్పుడు తల ఎత్తింది. "అది పాణం డబ్బా అని నువ్వే జెప్తివి. నీ పాణం జోలికి నేనెందుకు పోత బిడ్డా? ఇదైతే ఇజ్జత్ డబ్బా. ఇజ్జత్ పోతే మళ్ల సంపాయించుకుంటవ్."

"మరి ఎందుకు పోసినవ్?"

"నువ్వెందుకు అమ్ముతున్నవ్?"

"అమ్ముత అన్న గన్క."

"అమ్మాలె అని నీకు ఉన్నదా?"

జానీ చేతిలోని గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"సారు ఫోన్ చేసినప్పుడల్ల నువ్వు పోయి ఆ బండ్ల కూసుంటవ్. తలుపేసుకోని. నడుపవు, ఏం జెయ్యవు. నేను కిటికీలకెల్లి చూస్తలేననుకున్నవా?"

"గది... చెక్ చేస్తున్న అత్తా."

"మొఖం చేతులల్ల పెట్టుకోని చెక్ చేస్తరా? మీ బాపు పోయిననాడు గూడ అందులనే గట్ల కూసున్నవ్. అప్పుడు మాట్లాడలే, ఇప్పుడు మాట్లాడవు." ఆమె చిక్కుడుకాయ ఒకటి పటుక్కున విరిచింది. "అమ్మకు అని నీకు జెప్తే ఇనెటోనివా? నీ నోట్లకెల్లి మాట వచ్చినంక ఎవరు జెప్పినా తిప్పుకోవు. అందుకని నీకు జెప్పలే. నీ బండికి జెప్పిన."

ఇన్నాళ్ళూ తిన్న నాటుకోళ్ళు జానీకి అప్పుడు గుర్తుకొచ్చాయి. బండి ఆగేది మధ్యాహ్నం. కోడిని కోసేది పొద్దున. బండి ఆగుతుందని, వచ్చినవాడు ఉత్త చేతులతో పోవాల్సి వస్తుందని ఆ ఇంట్లో ఒకరికి ముందే తెలుసు. ఇంత పెద్ద ఆధారాన్ని ఇన్ని ఆదివారాలు రొట్టెతో నంజుకు తిన్నాడు, తనిఖీ విభాగం జానీ.

"ఇగ నేను పొయ్య" అంది సరోజమ్మ. "నువ్వు తుక్కుకు ఇస్తనంటివి. తుక్కు జేసే పని నా చేతులతోని చెయ్య. పైంగ నా మోకాలు నొస్తున్నది. పోసేది నేనే, గాలి తీసేటప్పుడు తొక్కేది నేనే. ఈసారి నీ నోటితోని నువ్వే జెప్పుకో."

ఆ సాయంత్రం మళ్ళీ కొత్త రబ్బర్లు పడ్డాయి. "తొక్కు" అన్నాడు జానీ కింద నుంచి. "తొక్కిన" అంది సరోజమ్మ పైనుంచి. స్తోత్రం మాత్రం ఇద్దరూ కలిసే అన్నారు.

ఆదివారం బాపిరాజు కొత్త ఎలక్ట్రిక్ కారులో వచ్చాడు. ఫియట్ ఎక్కి చేవెళ్ళ రోడ్డు మీద దూరం పోయి తిరిగి వచ్చాడు. గేరు వెన్నలా పడింది. దిగేటప్పుడు చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "అద్భుతంగా ఉందండీ! ఎప్పుడు తీసుకెళ్ళమంటారు?"

ఎస్తేర్ గుమ్మంలో నిలబడి ఉంది. సరోజమ్మ ఎటో చూస్తోంది. జానీ తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బండి బ్రహ్మాండంగా నడిచింది. ఆదుకోవడానికి ఈసారి పెడల్ కూడా మొరాయించలేదు. తాళంచెవిని పిడికిట్లోకి తీసుకున్నాడు.

"సార్, ఏమనుకోకండి. అమ్మను."

"ఏంటండీ?"

"మా బాపు బండి సార్. నాకు ఇయ్యబుద్ధి అయితలేదు. అమ్ముత అన్నది తప్పు. నాదే తప్పు."

జానీ నోట తప్పు తనదేనన్న మాట రావడం ఎస్తేర్ పెళ్ళయ్యాక మొదటిసారి విన్నది. దగ్గరికి వచ్చి అతని మొహంలోకి చూసింది. "అమ్మాలె అని ఎవరన్నరు నిన్ను?"

"నువ్వే గదా. మొయినాబాద్‌ల."

"అది చీర చెమటల తడిసి అన్న మాటయ్యా! గది పట్టుకోని ఇన్నొద్దులు ఏడ్చినవా?" ఆమె కళ్ళు తడిశాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఉంచుకో నీ బండి. నేను మాత్రం ఇగ నూక."

"నూకవు. రాసిపెట్టుకో" అన్నాడు జానీ.

బాపిరాజు కాసేపు ఫియట్ బానెట్ మీద చెయ్యి ఉంచాడు. ఆశపడి వచ్చిన మనిషి కదా, బాధ ఉంటుంది. కానీ తర్వాత నవ్వాడు. "నాకు రెండోసారికే అనుమానం వచ్చిందండీ. అమ్మేవాడు బండిని అంత ప్రేమగా తుడవడు."

"మరి మళ్ల మళ్ల ఎందుకొచ్చిన్రు సార్?"

"సరోజమ్మగారి కోడికూర కోసమండీ" అన్నాడు బాపిరాజు సిగ్గుపడుతూ. "ఇవాళ బండి నడిచేసరికి, కూర వండలేదేమోనని భయమేసింది."

"ఎందుకు వండలే? కాళ్లు కడుక్కోని కూసో సారూ" అంది సరోజమ్మ. ఆమె అప్పటికే నడుము సంచిలోంచి సీసా తీసి, ఆయన ఎలక్ట్రిక్ కారుకు నుదురు ఎక్కడుందో వెతుకుతోంది. బానెట్ మీద సిలువ గుర్తు పెట్టి, కళ్ళు మూసుకుని, దాన్ని ప్రభువుకు అప్పజెప్పింది. తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"దీని క్లచ్ డబ్బా ఏడ ఉన్నది సారూ?"

జానీ చేతిలోని తాళంచెవి కింద పడింది. "దీనికి క్లచ్ ఉండదమ్మా" అన్నాడు బాపిరాజు.

"అయ్యో!" అంది సరోజమ్మ, నిజంగానే నొచ్చుకుంటూ. "మరి రేపు ఎవరన్న వచ్చి దీన్ని అమ్మమంటే ఎట్ల ఆపుకుంటవ్ బిడ్డా?"